వాద్యమునకు, కంప్యూటరునకు నడుమ ఒక తీగె

ఇంట రేడియో ఉన్నవారికి ‘హమ్’ అను మాట కొత్త కాదు. గ్రామఫోను పికప్పునో, టేపు రికార్డరునో తెచ్చి రేడియో వెనుకనున్న సాకెట్టులో తీగె గ్రుచ్చినప్పుడు, పాటకంటె ముందు ఒక తుమ్మెదరొద వినవచ్చెడిది. ప్లగ్గును తిరుగవేసినచో ఒక్కొక్కప్పుడు అది పోయెడిది. ఒక్కొక్కప్పుడు పోయెడిది కాదు. రెండు యంత్రములను కలుపుట అనగా రెండు తీగెలను ముడివేయుట మాత్రమే కాదని ఆ రొద మనకు చెప్పుచుండెడిది. ఆ పాఠమే నేడు మరియొకచోట పనికివచ్చుచున్నది.

1990 ప్రాంతమునుండి పదిపదునైదేండ్లవరకు కొన్న కంప్యూటర్లు ఇంకను కొన్ని ఇండ్లలో అటకలమీద ఉన్నవి. వాని వెనుకప్రక్క, సౌండుకార్డుపైన, స్పీకరు తీగె పెట్టు చిన్న రంధ్రముల సరసన, 15 రంధ్రములు గల పొడవైన సాకెట్టు ఒకటి కనబడును. ఒక వరుసలో 8, రెండవ వరుసలో 7. పిల్లలు ఆటలాడుకొను జాయ్‌స్టిక్కును తగిలించుటకు ఏర్పడినది గనుక దానికి గేమ్ పోర్టు అని పేరు. కాని పెక్కు సౌండుకార్డులలో ఆ 15 రంధ్రములలో రెండు ఆటకు సంబంధించినవి కావు, పాటకు సంబంధించినవి. ఒకదాని ద్వారా కంప్యూటరు సంగీతపు కీబోర్డునకు ఆజ్ఞలు పంపగలదు. రెండవదాని ద్వారా కీబోర్డు చెప్పినది వినగలదు.

దీనికి తగిన తీగె ఒకప్పుడు అంగళ్లలో దొరకెడిది. ఇప్పుడు అరుదు. కనుక పాత యంత్రములపై మక్కువ గలవారు దానిని ఇంటనే చేసికొనుచున్నారు. చేతికి సోల్డరింగు అలవాటున్నవారికి అది ఒక సాయంత్రపు పని. అయితే దానికి కావలసిన సామానులలో ఒకదానిని, ‘ఇది లేకున్నను నడచును గదా’ అని వదలివేయువారున్నారు. ఆ ఒక్కదానిని ఎందుకు వదలరాదో చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ముందుగా ఆ తీగెలో పోవునదేమో తెలిసికొందము. అందు పోవునది ధ్వని కాదు. హార్మోనియము వాయించువానిని తలచుకొనుడు. ఏ మెట్టును నొక్కెను, ఎంత బలముగా నొక్కెను, ఎప్పుడు విడిచెను అను సంగతులను ఎవరైన వెంటవెంట అంకెలలో వ్రాసికొన్నచో, ఆ అంకెలను చూచి మరియొక వాద్యముపై ఆ పాటనే వాయింపవచ్చును. తీగెలో పోవునది ఇట్టి అంకెలు మాత్రమే. ఈ అంకెల భాషకు మిడి అని పేరు. వాద్యకారుని వ్రేళ్లు ఏమి చేసినవో అది చెప్పును. ఆ పాట ఎట్లు వినబడవలెనో అవతలి వాద్యమే నిర్ణయించును.

అంతకుముందు ఒక కంపెనీ చేసిన విద్యుద్వాద్యము మరియొక కంపెనీ వాద్యముతో తిన్నగా కలిసెడిది కాదు. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థను నడపిన డేవ్ స్మిత్, జపానులో రోలాండ్ సంస్థను స్థాపించిన ఇకుతారో కకెహాషి మొదలగువారు పూనుకొని అందరికి ఒకే భాషను ఏర్పరచిరి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యవర్తకుల ప్రదర్శనలో ఆ రెండు సంస్థల వాద్యములను ఒక తీగెతో కలిపి చూపిరి. ఒకదానిపై మెట్టు నొక్కగా రెండవది పలికినది. ఈ కృషికిగాను 2013 లో వారిరువురికి గ్రామీ సాంకేతిక పురస్కారము లభించినది.

ఈ భాషలో ఒక చిన్న వాక్యమును చూతము: 144, 60, 100. మొదటి అంకెకు ‘ఒకటవ మార్గమున ఒక మెట్టు నొక్కబడినది’ అని అర్థము. రెండవది ఏ మెట్టో చెప్పును. 60 అనగా పియానో నడుమనుండు ‘సి’ స్వరము. మూడవది బలము, అది 1 మొదలు 127 వరకు ఉండును. మెట్టును మెల్లగా తాకినచో చిన్న అంకె, గట్టిగా నొక్కినచో పెద్ద అంకె పోవును. ఇట్టి వాక్యము తీగెను దాటుటకు సెకనులో వేయవ వంతుకంటె కొంచెము తక్కువ కాలము పట్టును. సంకేతములు సెకనుకు 31,250 చొప్పున పోవును. ఒక్కొక్క అంకెకు పది సంకేతములు కావలెను. స్వరమును వంచుటకును ఇట్లే మూడంకెల వాక్యములున్నవి. మన గమకమువంటి జారుడు నొకదానిని పంపవలెనన్నచో అట్టివి అనేకము ఒకదానివెంట ఒకటి పరుగెత్తవలెను. ఆ పరుగులో ఒక్క సంకేతము చెడినను అవతలి వాద్యము తప్పుగా వినును. మెట్టు విడిచినట్లు చెప్పు వాక్యము చెడినచో ఆ స్వరము ఆగక మ్రోగుచునే యుండును. కావున తీగె నిర్దుష్టముగా ఉండుట అవసరము.

పాత కంప్యూటరుకు వెలుపలి వాద్యముతో పని యేమి అని అడుగవచ్చును. 1987 లో కెనడా నుండి యాడ్‌లిబ్ కార్డు, 1989 లో సింగపూరు నుండి క్రియేటివ్ వారి సౌండ్ బ్లాస్టరు కార్డు వచ్చినవి. వీనిపై సంగీతమును పలికించునది యమహావారి ఒక చిన్న చిప్పు. వేణువు, వీణ, మద్దెల ఏది పలికించినను అందులో కొంత లోహపు జీర ఉండెడిది. రోలాండ్ వారి ఎమ్‌టీ-32 అను పెట్టె 1987 లోను, ఎస్‌సీ-55 అను పెట్టె 1991 లోను వచ్చినవి. మిడి ఆజ్ఞలను గ్రహించి అవి ఎంతో నిండైన వాద్యగోష్ఠిని వినిపించెడివి. ఆ కాలపు ఆటలకు సంగీతము కూర్చినవారిలో పలువురు ఈ పెట్టెలనే దృష్టియందుంచుకొని కూర్చిరి. ఆ సంగీతమును వారు కోరినట్లు వినవలెనన్నను, ఇంటనున్న కీబోర్డు వాదనమును పాత కంప్యూటరులో నిలువచేయవలెనన్నను ఈ తీగెయే దారి. తరువాత యూఎస్‌బీ వచ్చి గేమ్ పోర్టును తొలగించినది. మిడి భాష మాత్రము నేటికిని వాడుకలో ఉన్నది.

ఇక చిక్కు ఎక్కడనున్నదో చూతము. సౌండుకార్డులోని సంకేతము వోల్టుల రూపమున ఉండును: ఇంచుమించు 5 వోల్టులైనచో 1, సున్నకు దగ్గరైనచో 0. కాని వాద్యముపైనుండు అయిదు పిన్నుల గుండ్రని మిడి సాకెట్టు కోరునది వోల్టులను కాదు, ప్రవాహమును. 5 మిల్లీఆంపియర్ల ప్రవాహము పారినచో 0 అనియు, పారనిచో 1 అనియు దాని లెక్క. ఆ ప్రవాహము పోయి చేయు పని చిత్రమైనది. గ్రహించు వాద్యములో ఒక చిన్న దీపమును అది వెలిగించును. దీపమునకు ఎదురుగా వెలుగును కనిపెట్టు పరికరమొకటి యుండును. దీపము వెలిగినచో అది 0 అని, ఆరినచో 1 అని లోపలికి తెలుపును. దీపమును, పరికరమును ఒకే నల్లని బిళ్లలో ఇమిడ్చినదానికి ఆప్టోకప్లరు అని పేరు. రెంటి నడుమ లోహపు సంబంధము ఏమియు లేదు. దాటునది వెలుగు మాత్రమే.

సామాన్యముగా జనులు వదలివేయునది ఈ బిళ్లనే. కంప్యూటరు పంపు వైపున దీనితో పనిలేదు. అవతలి వాద్యములో అది ఉండనే ఉన్నది. కంప్యూటరు వినువైపున మాత్రము దానిని మనమే పెట్టవలెను. ఏలయన గేమ్ పోర్టు వెనుక కార్డులో అది లేదు. కీబోర్డు తీగెను తిన్నగా కార్డుకు కలిపినను కొంతసేపు నడచునుగాని, రెండు యంత్రముల విద్యుత్తును అట్లు ముడివేసినందున రెండు ముప్పులు కలుగును. మొదటిది మనకు తెలిసిన తుమ్మెదరొద. రెండవది దానికంటె చెడ్డది. మన ఇండ్లలో మూడవ రంధ్రమునకు భూమితో సంబంధము లేని సాకెట్టులు పెక్కున్నవి. అట్టి సాకెట్టునకు తగిలించిన కంప్యూటరు పెట్టెను తాకినచో చేయి జివ్వుమనును. కంప్యూటరు పవరు సప్లైలో, రొదను అణచుటకై రెండు కండెన్సర్లను కరెంటుతీగెలనుండి పెట్టె లోహమునకు కలిపియుందురు. భూమితీగె లేనప్పుడు వానివలన ఆ లోహము 230 వోల్టులలో ఇంచుమించు సగమునందు నిలిచియుండును. ప్రవాహము బహు స్వల్పము. మనిషికి జివ్వుమనుటతో సరిపోవును. 5 వోల్టులకు అలవాటుపడిన చిప్పునకు మాత్రము అది పిడుగు.

ఇది నేను పుస్తకములో చదివి చెప్పుచున్న మాట కాదు. మా తండ్రిగారు భజనలలో హార్మోనియము వాయించెడివారు. 1998 లో మా ఇంట ఒక కీబోర్డు, ఒక కంప్యూటరు ఉండగా, కొన్న తీగెతో రెంటిని కలిపి, ఆయన వాయించిన కీర్తనలు కొన్నింటిని మిడిగా నిలువచేసితిని. తరువాత ఆ తీగె ఎక్కడనో పోయినది. 2012 లో ఒకనాడు, ‘ఆ పాత పెట్టెలో ఇంకొక నాలుగు చేర్చుదమా’ అని ఆయనయే అడిగిరి. అప్పటికి ఆయనకు 81 ఏండ్లు. ఒక్క బిళ్ల కొరకు పట్నము పోవుట ఎందుకని నేను తొందరపడి, కీబోర్డు తీగెను తిన్నగా కార్డునకు కలిపితిని. పది నిమిషములు చక్కగా నడచినది. నడుమ ఒకసారి ప్లగ్గును ఊడదీసి మరల గ్రుచ్చునప్పుడు చేతికి జివ్వుమన్నది. అటుపిమ్మట కార్డు పలికినదే గాని వినలేదు. అట్టి పాత కార్డు అంగళ్లలో దొరకు కాలము ఎన్నడో గడచినది. మా తండ్రిగారు కొంతసేపు కీబోర్డు ముందు అట్లే కూర్చుండి, ‘పోనీలేరా, మరియొకనాడు’ అని లేచిరి.

కాబట్టి తీగెను సరిగా చేయు విధమును చెప్పెదను. మొదట మీ కార్డు సాకెట్టు పాటకు తగినదో కాదో పరీక్షింపుడు. కంప్యూటరును ఆపి, కరెంటుతీగె ఊడదీసి, మల్టీమీటరుతో చూడుడు. 12వ పిన్నునకును 4వ పిన్నునకును నడుమ, 15వ పిన్నునకును 8వ పిన్నునకును నడుమ నిరోధము సున్న వచ్చినచో అది ఉత్త ఆటల సాకెట్టు. అందు 12 నేలతీగె, 15 అయిదు వోల్టులు. అట్టిదానికి ఈ తీగెను తగిలింపరాదు. సున్న రానిచో 12 పంపు పిన్ను, 15 విను పిన్ను అయియుండుటకు అవకాశమున్నది. కార్డు వివరములతో సరిచూచుకొనుడు. మిడిగల కార్డులలో 1, 8, 9 పిన్నులు 5 వోల్టులు. 4, 5 పిన్నులు నేలతీగె.

సామానులివి: 15 పిన్నుల మగ ప్లగ్గు ఒకటి, అయిదు పిన్నుల మిడి సాకెట్టులు రెండు, 220 ఓముల రెసిస్టర్లు మూడు, 470 ఓములది ఒకటి, 10 కిలోఓములది ఒకటి, 1ఎన్4148 డయోడు ఒకటి, 0.1 మైక్రోఫారడు కండెన్సరు ఒకటి. 74ఎల్‌ఎస్04 చిప్పు ఒకటి. 6ఎన్138 ఆప్టోకప్లరు ఒకటి. 250 మిల్లీఆంపియర్ల ఫ్యూజు ఒకటి. ఫ్యూజును 5 వోల్టుల తీగె మొదటనే పెట్టవలెను. గేమ్ పోర్టు 5 వోల్టులు కంప్యూటరు పవరు సప్లైనుండి వచ్చునవి. పొరపాటున తీగెలు ఒరసికొన్నచో అది కొన్ని ఆంపియర్లను ఈయగలదు. అప్పుడు కాలునది తీగె కాదు, బోర్డుమీది సన్నని రాగిగీతలు.

పంపువైపు ఇట్లు చేయవలెను. ఫ్యూజు దాటిన 5 వోల్టులను ఒక 220 ఓముల రెసిస్టరు ద్వారా మొదటి మిడి సాకెట్టు 4వ పిన్నునకు కలుపుడు. గేమ్ పోర్టు 12వ పిన్నును 74ఎల్‌ఎస్04 యొక్క 1వ కాలికి, దాని 2వ కాలిని 3వ కాలికి, 4వ కాలిని రెండవ 220 ఓముల రెసిస్టరు ద్వారా మిడి 5వ పిన్నునకు కలుపుడు. సంకేతము రెండు మారులు తలక్రిందులై మరల సరియగును. కార్డుమీద పడవలసిన బరువును ఈ చిప్పు మోయును. చిప్పు 14వ కాలికి 5 వోల్టులు, 7వ కాలికి నేలతీగె. వాడని 5, 9, 11, 13 కాళ్లను నేలతీగెకు కట్టుడు. మిడి 2వ పిన్నును నేలతీగెకు కలుపుడు. ఈ రెండు రెసిస్టర్లు, అవతలి వాద్యములోని మరియొక 220 ఓములు కలిసి 660 ఓములు. దీపము వాడుకొనగా మిగిలిన సుమారు మూడు వోల్టుల చిల్లర ఆ నిరోధముపై 5 మిల్లీఆంపియర్లను నడపును.

వినువైపు ఇది. రెండవ మిడి సాకెట్టు 4వ పిన్నునుండి మూడవ 220 ఓముల రెసిస్టరు ద్వారా 6ఎన్138 యొక్క 2వ కాలికి, మిడి 5వ పిన్నునుండి 3వ కాలికి తీగెలు వేయుడు. డయోడును ఈ రెండు కాళ్ల నడుమ, గీతయున్న కొన 2వ కాలివైపు ఉండునట్లు పెట్టుడు. 8వ కాలికి 5 వోల్టులు, 5వ కాలికి నేలతీగె. ఆ రెంటి నడుమ కండెన్సరు. 6వ కాలిని గేమ్ పోర్టు 15వ పిన్నునకు కలిపి, అదే కాలినుండి 470 ఓముల రెసిస్టరును 5 వోల్టులకు వేయుడు. 7వ కాలినుండి 10 కిలోఓముల రెసిస్టరును నేలతీగెకు వేయుడు. దీపము ఆరగానే పరికరము త్వరగా తేరుకొనుటకు అది తోడ్పడును. ఈ సాకెట్టు 2వ పిన్నును మాత్రము దేనికిని కలుపవలదు. దానిని నేలతీగెకు కలిపినచో, వెలుగు కొరకు విడిచిన ఎడమును లోహముతో పూడ్చినట్లగును.

అనుభవము లేనివారికి రెండు పొరపాట్లు సహజము. మిడి సాకెట్టు పిన్నులు 1, 4, 2, 5, 3 అను వరుసలో అర్ధవలయముగా ఉండును. ముందునుండి చూచిన వరుస వెనుకనుండి చూచినప్పుడు తారుమారగును. అప్పుడు 4, 5 ఒకదానిచోట ఒకటి వచ్చును, ప్రవాహము ఎదురు పారును, దీపము వెలుగదు. అట్టి సమయమున దీపమును కాపాడుటకే ఆ డయోడు. కావున పని జరుగనిచో దిగులుపడక ముందు ఈ రెండు తీగెలను మార్చి చూడుడు. రెండవది, 6ఎన్138 దొరకలేదని చవుకైన వేరొక ఆప్టోకప్లరును పెట్టుట. వానిలో కొన్ని మందకొడివి. ఒక్కొక్క సంకేతమునకు ఇక్కడ దొరకు వ్యవధి 32 మైక్రోసెకనులు మాత్రమే. ఆరవలసిన దీపము ఆరినట్లు అవి తెలిసికొనులోపల తరువాతి సంకేతము వచ్చి పడును.

అన్నియు అయిన పిమ్మట, ప్లగ్గును తగిలింపకమునుపే 5 వోల్టుల తీగెకును నేలతీగెకును నడుమ సున్న నిరోధము లేదని మీటరుతో చూచుకొనుడు. కంప్యూటరు ఆగియున్నప్పుడే ప్లగ్గును పెట్టుడు. ఒక మామూలు మిడితీగెతో పంపు సాకెట్టును విను సాకెట్టునకు కలిపి, పంపిన అంకెలే తిరిగి వచ్చుచున్నవా అని చూడుడు. వచ్చినచో అప్పుడు కీబోర్డును తగిలింపవచ్చును. 1992 లో వచ్చిన సౌండ్ బ్లాస్టరు 16 మొదలు పెక్కు కార్డులు ఎమ్‌పీయూ-401 అను పద్ధతిని 330 అను చిరునామాలో పాటించును. అంతకు ముందటి సౌండ్ బ్లాస్టర్ల పద్ధతి వేరు; ఎమ్‌పీయూ-401 ను కోరు కార్యక్రమములు వానితో పలుకకున్నచో తప్పు తీగెది కాదు. మిడితీగె పొడవు 15 మీటర్లు మించరాదు. మరియొక మాట: కీబోర్డు ధ్వనిని కూడ వేరొక తీగెతో కంప్యూటరులోనికి తెచ్చినచో, ఆ తీగె ద్వారా రెండు యంత్రముల నేలతీగెలు మరల కలిసిపోవును. ముందుగా గోడసాకెట్టు భూమితీగెను ఎలక్ట్రీషియనుచే సరిచేయించుకొనుట అన్నిటికంటె మేలు.

మాకు మరియొక కార్డు దొరకుటకు ఎనిమిది నెలలు పట్టినది. ఈసారి తీగెను పైన చెప్పినట్లే చేసితిని. మా తండ్రిగారు ఆ నాలుగు కీర్తనలను, వానితోపాటు 1998 లో వాయించినదానిని ఒకదానిని మరల వాయించిరి. రాత్రి రెండు నిలువలలోని అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. అప్పుడు బలము 90, 100 అని ఉన్నచోట ఇప్పుడు 40, 50 అని ఉన్నది. మెట్లు మాత్రము ఒక్కటియు తప్పలేదు. ఎనిమిది నెలల క్రిందట వాయించియున్నచో ఆ అంకెలు ఎట్లుండెడివో ఇక తెలియదు.

సామానుల చీటీ వ్రాయునప్పుడు ఆప్టోకప్లరును మొదట వ్రాసికొనుడు.